అమెరికాలో పిల్లల్ని ఒక్కరే పెంచుతున్నవాళ్లకి డబ్ల్యూ-4: జీతంలో టాక్స్ ఎంత కట్ చేయించుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగం చేస్తూ పిల్లల్ని ఒక్కరే చూసుకుంటున్న తెలుగువాళ్ల కోసం రాసింది ఇది. విడాకులైనవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు, జీవిత భాగస్వామి ఇండియాలో ఉండిపోయినవాళ్లు, అందరికీ. మన వాట్సాప్ గ్రూపుల్లో గ్రీన్‌కార్డు గురించి, ఇంటి లోన్ గురించి మొహమాటం లేకుండా అడుగుతారు. ఈ సంగతి మాత్రం అడిగితే ఇంటి గుట్టు చెప్పుకోవాల్సి వస్తుందని చాలామంది ఊరుకుంటారు. ఊరుకున్నందుకు ఏటా వేల డాలర్లు తమ చేతికి రావాల్సిన నెలలో రాకుండా పోతాయి. వేరేగా చెప్పిన చోట తప్ప ఇక్కడి అంకెలన్నీ 2026 సంవత్సరానివి, ఫెడరల్ టాక్స్‌కి సంబంధించినవి.

డబ్ల్యూ-4 అసలు చేసే పనేంటి?

మీ జీతంలోంచి ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ ఎంత పట్టుకోవాలో మీ కంపెనీ పేరోల్‌కి చెప్పే ఫారం అది. మీరు కట్టాల్సిన టాక్స్‌ని అది పెంచదు, తగ్గించదు. మరుసటి ఏడాది ఏప్రిల్ 15 లోపు వేసే రిటర్న్‌లోనే అసలు లెక్క తేలుతుంది. ఎక్కువ పట్టుకుని ఉంటే రీఫండ్ వస్తుంది, తక్కువ పట్టుకుని ఉంటే మీరు కట్టాలి. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం మీద ఈ ఫారం ప్రభావం ఏమీ ఉండదు. పే స్టబ్‌లో ఆ రెండూ వేరే వరసల్లో కనిపిస్తాయి. డబ్ల్యూ-4 మారిస్తే మారేది ఫెడరల్ విత్‌హోల్డింగ్ అన్న ఒక్క వరసే.

అలవెన్సులు 0 పెట్టాలా, 1 పెట్టాలా, 2 పెట్టాలా?

ఫెడరల్ ఫారంలో ఇప్పుడు అలవెన్సులు (కోత తగ్గించడానికి పాత ఫారంలో రాసే అంకె) లేవు. 2017లో వచ్చిన టాక్స్ చట్టం 2018 నుంచి పర్సనల్ ఎగ్జెంప్షన్లని (కుటుంబంలో ఒక్కొక్కరి పేరున ఆదాయంలోంచి తీసేసే మొత్తాన్ని) పక్కన పెట్టేసింది. అలవెన్సులు వాటి మీద ఆధారపడ్డవే కాబట్టి 2020లో ఐఆర్ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) ఫారం మొత్తం మార్చేసి, వాటిని తీసేసింది. "నేను ఎప్పుడూ జీరోనే పెడతాను, సేఫ్" అని సీనియర్లు ఇచ్చే సలహా ఆ పాత ఫారం కాలంది.

2020కి ముందు ఇచ్చిన డబ్ల్యూ-4 ఇంకా చెల్లుతుంది. కొత్తది ఇమ్మని కంపెనీ మిమ్మల్ని బలవంతం చేయదు. పదేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్నవాళ్లకి చిక్కు అక్కడే వస్తుంది. పెళ్లయిన కొత్తలో ఇచ్చిన "మ్యారీడ్, 3" ఫారం ప్రకారమే ఇవాళ్టికీ టాక్స్ కట్ అవుతూ ఉండొచ్చు. పేరోల్ పోర్టల్‌లోకి వెళ్లి ప్రస్తుతం ఏం నమోదై ఉందో ముందు చూడండి.

సింగిల్ అని పెట్టి వదిలేశాను. నష్టమేంటి?

తెలుగు సింగిల్ పేరెంట్స్‌లో ఎక్కువమంది చేసేది ఇదే కాబట్టి లెక్క పూర్తిగా చూద్దాం. ఒకావిడ జీతం ఏడాదికి 90,000 డాలర్లు, రెండు వారాలకోసారి పేచెక్, ఎనిమిదేళ్ల పాప అమెరికా సిటిజన్ అనుకుందాం. 401కే (రిటైర్మెంట్ పొదుపు), ఇన్సూరెన్స్ కోతలు పక్కన పెడదాం.

సింగిల్ అని పెట్టి మిగతాదంతా ఖాళీగా వదిలేస్తే, పేరోల్ స్టాండర్డ్ డిడక్షన్ (టాక్స్ పడకుండా వదిలేసే మొత్తం) 16,100 తీసేసి 73,900 మీద టాక్స్ వేస్తుంది. మొదటి 12,400 మీద 10 శాతం, అక్కణ్ణుంచి 50,400 దాకా 12 శాతం, మిగిలిన 23,500 మీద 22 శాతం. మొత్తం 10,970 డాలర్లు. 26 పేచెక్కులకి పంచితే ఒక్కోదాంట్లో దాదాపు 422 కట్ అవుతుంది.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఒక్కరే ఇల్లు నడిపేవాళ్లకి ఉన్న స్టేటస్, షరతులు కింద ఉన్నాయి) గడి టిక్ చేసి, ఫారంలో పిల్లల క్రెడిట్ రాసే స్టెప్ 3లో పాప పేరున 2,200 రాస్తే స్టాండర్డ్ డిడక్షన్ 24,150 అవుతుంది. టాక్స్ పడేది 65,850 మీద. ఈ స్టేటస్‌కి 10 శాతం శ్లాబ్ 17,700 దాకా, 12 శాతం శ్లాబ్ 67,450 దాకా ఉంటాయి కాబట్టి ఆవిడ 22 శాతంలోకి అసలు వెళ్లదు. టాక్స్ 7,548. అందులోంచి పాప క్రెడిట్ 2,200 తీసేస్తే 5,348. పేచెక్‌కి దాదాపు 206.

అంటే రెండు వారాలకోసారి 216 డాలర్లు, ఏడాదికి 5,600 పైచిలుకు తేడా. రిటర్న్‌లో హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని వేస్తే ఆ డబ్బంతా రీఫండ్‌గా వచ్చేస్తుంది, నిజమే. కానీ డేకేర్ ఫీజు ప్రతి సోమవారం అకౌంట్లోంచి పోతుంటే, ఆ 216 మనకి అక్టోబర్‌లో కావాలి, మార్చిలో కాదు. ఈలోపు క్రెడిట్ కార్డు మీద 20 శాతానికి పైగా వడ్డీ కడుతూ నెట్టుకొచ్చేవాళ్లకి అసలు నష్టం ఆ వడ్డీ.

అన్నట్టు, ఫారం అసలు ఇవ్వకపోయినా కంపెనీ మిమ్మల్ని సింగిల్ కిందే లెక్కేస్తుంది.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ గడి ఎవరు టిక్ చేయొచ్చు?

మూడు షరతులు కలవాలి. డిసెంబర్ 31 నాటికి మీకు పెళ్లి బంధం లేకపోవాలి, లేదా చట్టం దృష్టిలో లేనట్టు లెక్కకి రావాలి. ఇంటి ఖర్చులో సగం కంటే ఎక్కువ మీరే పెట్టాలి. మీ పిల్లో పిల్లాడో ఏడాదిలో సగం కంటే ఎక్కువ కాలం మీతో ఉండాలి.

ఇంటి ఖర్చు అంటే అద్దె లేదా లోన్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, ఇంటి ఇన్సూరెన్స్, కరెంటు, నీళ్లు, రిపేర్లు, ఇంట్లో వండుకునే తిండి. బట్టలు, స్కూలు ఫీజు, డాక్టర్ బిల్లులు, కారు ఖర్చు ఇందులోకి రావు.

విడిపోయాక కొన్నాళ్లు అన్నయ్య వాళ్లింట్లోనో అక్క వాళ్లింట్లోనో ఉంటున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇంటి లోన్ అన్నయ్యే కడుతూ, సరుకులు కూడా ఆయనే తెస్తుంటే, మీరు నెలకి ఇంత అని చేతిలో పెట్టినా అది సగం దాటదు. ఆ ఏడాది మీరు సింగిల్ అని పెట్టడమే సరైంది. పిల్లల క్రెడిట్ మాత్రం మీరు తీసుకోవచ్చు, దానికి ఇంటి ఖర్చు షరతు లేదు.

ఇంకొక సంగతి. ఏడాదిలో ఒక్క రోజైనా టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉంటే ఆ ఏడాదికి ఈ స్టేటస్ రాదు. ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) నుంచి హెచ్-1బీ ఉద్యోగ వీసాకి మారిన ఏడాది, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఏడాది చాలామంది చూసుకోకుండా దాటేసేది ఇదే.

విడాకుల కేసు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. తీర్పు రాలేదు. నేను సింగిలా, మ్యారీడా?

డిసెంబర్ 31 నాటికి తీర్పు రాకపోతే మీరు ఇంకా వివాహితులే. కేసు వేసినంత మాత్రాన స్టేటస్ మారదు, మనసులో ఎప్పుడో విడిపోయినా మారదు. కాబట్టి సింగిల్‌గా రిటర్న్ వేయడానికి లేదు.

అయితే ఒక దారుంది. ఏడాదిలో చివరి ఆరు నెలలూ మీ జీవిత భాగస్వామి మీ ఇంట్లో ఉండకుండా, ఇంటి ఖర్చులో సగం పైన మీరే పెడుతూ, మీ బిడ్డ ఏడాదిలో సగం కంటే ఎక్కువ మీ దగ్గరే ఉండి, మీరు విడిగా రిటర్న్ వేస్తే, పెళ్లి కానట్టే లెక్కేసి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ ఇస్తారు. తేదీ ముఖ్యం. ఆయన జూన్ నెలాఖరులోపు ఇల్లు వదిలి వెళ్లి ఉంటే ఈ ఏడాది మీకు వర్తిస్తుంది. ఆగస్టులో వెళ్లి ఉంటే వర్తించదు. ఆ ఏడాదికి ఇద్దరూ కలిసి వేయడమో, మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ అని విడివిడిగా వేయడమో తప్పదు. అప్పుడు డబ్ల్యూ-4లో మొదటి గడి, అంటే సింగిల్ లేదా మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ అన్నదే, టిక్ చేయాలి. ఆయన కొత్త లీజు కాగితం, అడ్రస్ మార్చిన రుజువు లాంటివి మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి.

విడిపోయాం గానీ డబ్ల్యూ-4లో ఇంకా మ్యారీడ్ అనే ఉంది. మార్చకపోతే ఏమవుతుంది?

పేచెక్ కొంచెం పెద్దగా వస్తుంది, ఏప్రిల్‌లో కట్టాల్సి వస్తుంది. పైన చెప్పిన 90,000 జీతమే తీసుకోండి. జాయింట్ స్టేటస్‌కి స్టాండర్డ్ డిడక్షన్ 32,200 కాబట్టి పాప క్రెడిట్ పోగా పేరోల్ ఏడాదికి 4,240 మాత్రమే పట్టుకుంటుంది. ఆవిడ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా కట్టాల్సింది 5,348. అంటే 1,108 తక్కువ. పాత ఫారంలో ఇద్దరు పిల్లల పేర్లూ ఉండి, ఇప్పుడు ఒకరే ఆవిడ దగ్గర ఉంటే, ఇంకో 2,200 తోడవుతుంది.

నా భర్త ఇండియాలోనే ఉంటున్నారు, పాప నా దగ్గర ఉంది. విడిపోలేదు. నాకు వర్తిస్తుందా?

వర్తించొచ్చు. జీవిత భాగస్వామి టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్ అయి, ఆయన్ని రెసిడెంట్‌గా చూడమని మీరిద్దరూ కలిసి ఎంచుకోకపోతే, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ వరకు మిమ్మల్ని పెళ్లి కానివారిగా చూస్తారు. పాప మీ దగ్గర సగం ఏడాది పైన ఉండాలి, ఇంటి ఖర్చులో సగం పైన మీరే పెట్టాలి అన్న షరతులు ఇక్కడా మామూలే. ఆయన్ని రెసిడెంట్‌గా ఎంచుకుని జాయింట్‌గా వేస్తే డిడక్షన్ పెద్దది వస్తుంది గానీ, ఇండియాలో ఆయన సంపాదన మొత్తం మీ రిటర్న్‌లోకి వస్తుంది. ఆయనకి ఇండియాలో చెప్పుకోదగ్గ ఆదాయం ఉంటే రెండు రకాలుగా లెక్క వేసి చూశాకే డబ్ల్యూ-4 నింపండి.

నా భర్త చనిపోయారు. ఏ గడి టిక్ చేయాలి?

ఆ ఏడాదికి మీరు జాయింట్‌గానే రిటర్న్ వేయొచ్చు. తర్వాతి రెండేళ్లు, మీరు మళ్లీ పెళ్లి చేసుకోకుండా, మీ మీద ఆధారపడ్డ బిడ్డ మీతోనే ఉంటే, క్వాలిఫయింగ్ సర్వైవింగ్ స్పౌజ్ అనే స్టేటస్ వస్తుంది. జాయింట్‌కి ఉన్న 32,200 డిడక్షనే దీనికీ ఉంటుంది. డబ్ల్యూ-4లో ఇది మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ ఉన్న గడిలోనే కలిపి ఉంటుంది. "నేనిప్పుడు మ్యారీడ్ కాదు కదా" అని సింగిల్ టిక్ చేసేసి, ఆ రెండేళ్లూ పేచెక్కుల్లో అనవసరంగా ఎక్కువ కట్ చేయించుకునేవాళ్లున్నారు. ఆ సమయంలో ఈ కాగితాల మీద దృష్టి పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. తెలిసినవాళ్లెవరైనా పక్కన కూర్చుని ఈ ఒక్క ఫారం నింపి పెడితే అది నిజమైన సాయం. మూడో ఏడాది నుంచి, షరతులు కలిస్తే, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి మారాలి.

ఇదంతా రాస్తే ఆఫీసులో అందరికీ తెలిసిపోదా?

డబ్ల్యూ-4 చూసేది పేరోల్. మీ మేనేజర్ దగ్గరికో టీమ్ దగ్గరికో అది వెళ్లదు. ఎక్కువ కంపెనీల్లో పోర్టల్‌లో మీరే నింపి సబ్మిట్ కొడతారు, మనిషి చేతిలోకి కాగితమే వెళ్లదు. విడాకుల సంగతి ఆ ఫారం అడగదు. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అన్న గడి పెళ్లే చేసుకోనివాళ్లు, అమ్మానాన్నల్ని చూసుకునేవాళ్లు కూడా టిక్ చేస్తారు.

మన దగ్గర ఈ భయం ఎంత బరువైందో నాకు తెలుసు. అదే కంపెనీలో తెలిసినవాళ్లు, వాళ్లింట్లో ఫంక్షన్‌కి వచ్చే చుట్టాలు, అక్కణ్ణుంచి గుంటూరు దాకా మాట పాకిపోతుందన్న టెన్షన్. ఆ టెన్షన్ వల్ల పిల్లల డబ్బు మీ పేచెక్‌లోంచి పోనివ్వకండి. అయినా మనసొప్పకపోతే సింగిల్ అని ఉంచి, స్టెప్ 3లో పిల్లల క్రెడిట్ మాత్రం రాయండి. పై ఉదాహరణలో అదొక్కటే పేచెక్‌కి దాదాపు 85 డాలర్లు తెచ్చిపెడుతుంది.

స్టెప్ 3లో ఎవరి పేరున ఎంత రాయాలి?

మీ ఏడాది ఆదాయం 200,000 డాలర్లు లేదా అంతకంటే తక్కువైతే, డిసెంబర్ 31 నాటికి 17 నిండని ఒక్కో బిడ్డకి 2,200, మిగతా ఆధారపడ్డవాళ్లకి ఒక్కొక్కరికి 500. గతంలో 2,000 ఉండేది, 2025 జులైలో వచ్చిన చట్టంతో 2,200 అయింది. మీ పాత ఫారంలో 2,000 అనే ఉంటే మార్చుకోండి.

2,200 రావాలంటే బిడ్డకి పని చేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి, మీకూ ఉండాలి. ఇండియాలో పుట్టి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకి ఆ నంబర్ సాధారణంగా ఉండదు. వాళ్లకి డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకిచ్చే టాక్స్ నంబర్) తీసుకుంటే 500 క్రెడిట్ వస్తుంది, మీకు హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ స్టేటస్ కూడా వస్తుంది. పెద్దవాడు హెచ్-4, చిన్నది ఇక్కడే పుట్టింది అనుకుంటే స్టెప్ 3లో రాయాల్సింది 2,700. ఇద్దరికీ 2,200 చొప్పున 4,400 రాస్తే 1,700 బాకీ పడతారు. గ్రీన్‌కార్డు వచ్చి పెద్దవాడికి నంబర్ వచ్చిన ఏడాది ఫారం మళ్లీ మార్చండి.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి మీరు నెలనెలా డబ్బు పంపుతున్నా, వాళ్లు అమెరికా సిటిజన్లో ఇక్కడి టాక్స్ రెసిడెంట్లో కాకపోతే వాళ్ల పేరున ఏమీ రాదు.

బాబు అమెరికా సిటిజన్, కానీ అమ్మమ్మ దగ్గర రాజమండ్రిలో పెరుగుతున్నాడు. క్రెడిట్ వస్తుందా?

సెలవులకి వెళ్లి రావడం, జబ్బు చేసి కొన్నాళ్లు ఉండటం, చదువు కోసం కొన్నాళ్లు దూరంగా ఉండటం లాంటివి తాత్కాలికమైతే మీతో ఉన్నట్టే లెక్క. అక్కడే స్కూల్లో చేర్పించి, ఎప్పుడు తీసుకొస్తారో తెలియకుండా అమ్మమ్మ ఇల్లే వాడి ఇల్లయితే, మీతో సగం ఏడాది పైన ఉండాలన్న షరతు తప్పుతుంది. చైల్డ్ టాక్స్ క్రెడిట్ పోతుంది, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కూడా పోతుంది. పని ఒత్తిడిలో పిల్లల్ని పంపాల్సి వచ్చినవాళ్లు ఈ సంగతి డబ్ల్యూ-4లో వెంటనే సరిచేసుకోవాలి.

పాప వారంలో కొన్ని రోజులు నాన్న దగ్గర ఉంటుంది. ఎవరు రాయాలి?

రాత్రుల లెక్క. ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర పడుకుంటే వాళ్లది. సరిగ్గా సమానమైతే ఆదాయం ఎక్కువున్న వాళ్లది. ఫోన్ క్యాలెండర్‌లో రాత్రులు రాసిపెట్టుకునే అలవాటు చేసుకోండి, గొడవ వచ్చినప్పుడు అదే ఆధారం.

ఎక్కువ రాత్రులు ఉంచుకునే తల్లి లేదా తండ్రి 8332 అనే ఫారం మీద సంతకం పెట్టి చైల్డ్ టాక్స్ క్రెడిట్‌ని రెండోవాళ్లకి వదిలేయొచ్చు. కోర్టు ఒప్పందాల్లో "ఒక ఏడాది నువ్వు, ఒక ఏడాది నేను" అని రాసుకునేది ఇదే. వదిలేసేది ఆ క్రెడిట్ వరకే. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్, డేకేర్ క్రెడిట్, అర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి వచ్చేది) మీ దగ్గరే ఉంటాయి. క్రెడిట్ ఆయనకి ఇచ్చిన ఏడాది మీ స్టెప్ 3లో పాప పేరున ఏమీ రాయకండి, స్టెప్ 1లో గడి మాత్రం అలాగే ఉంచండి.

ఆయన మీకు చెప్పకుండా తన డబ్ల్యూ-4లో పాప పేరున క్రెడిట్ రాసుకుంటే మీరు ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. అసలు హక్కు తేలేది రిటర్న్‌లో. ఒకే బిడ్డని ఇద్దరూ చూపిస్తే, ఆ షరతులు నిజంగా ఎవరికి కలిశాయో ఐఆర్ఎస్ ఇద్దరినీ అడుగుతుంది. స్కూలు రికార్డులు, డాక్టర్ దగ్గర ఉన్న అడ్రస్ అప్పుడు పనికొస్తాయి.

పగలు ఒక ఉద్యోగం, వీకెండ్ ఇంకో ఉద్యోగం. రెండు చోట్లా ఒకేలా నింపాలా?

వద్దు. రెండు కంపెనీల్లోనూ స్టెప్ 2 గడి (రెండు ఉద్యోగాలున్నాయని చెప్పేది) టిక్ చేయండి. పిల్లల క్రెడిట్, ఇతర డిడక్షన్లు ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగం ఫారంలో ఒక్కచోటే రాయండి. రెండో దాంట్లో స్టెప్ 3 ఖాళీగా వదిలేయండి. లేకపోతే ప్రతి కంపెనీ తానొక్కటే మీకు జీతమిస్తోందనుకుని 24,150 డిడక్షన్ రెండుసార్లు ఇస్తుంది, పిల్లల క్రెడిట్ కూడా రెండుసార్లు ఇస్తుంది. ఒక్క బిడ్డతోనే ఏప్రిల్‌లో నాలుగైదు వేలు కట్టాల్సిన పరిస్థితి రావొచ్చు.

బోనస్, ఆర్‌ఎస్‌యూలు (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు) వస్తాయి. అవి వాళ్లే చూసుకుంటారు కదా?

చూసుకుంటారు, కానీ మామూలుగా ఒకే రేటుతో, 22 శాతం. మీ డబ్ల్యూ-4లో ఏముందో దాంతో పని లేకుండా. మీరు 12 శాతం శ్లాబ్‌లో ఉంటే బోనస్ మీద ఎక్కువ కట్ అయి రీఫండ్‌గా వస్తుంది. పై శ్లాబుల్లో ఉంటే తక్కువ కట్ అవుతుంది.

బే ఏరియాలోనో సియాటిల్‌లోనో 220,000 జీతం, ఏడాదికి 40,000 విలువైన ఆర్‌ఎస్‌యూలు ఉన్న తల్లినో తండ్రినో తీసుకోండి. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి 32 శాతం శ్లాబ్ 201,750 దగ్గర మొదలవుతుంది. ఆ 40,000లో ఎక్కువ భాగం 32 శాతంలో పడుతుంది. అసలు టాక్స్ దాదాపు 12,300, పట్టుకున్నది 8,800. 3,500 తేడా. దానికి తోడు 200,000 దాటిన ప్రతి వెయ్యికి 50 డాలర్ల చొప్పున పిల్లల క్రెడిట్ కరిగిపోతుంది. 260,000 ఆదాయంలో ఒక్క బిడ్డ క్రెడిట్ పూర్తిగా పోయినట్టే. ఇలాంటివాళ్లు స్టెప్ 3 ఖాళీగా వదిలి, ఆ 3,500ని 26తో భాగించి, వచ్చిన 135ని స్టెప్ 4(సి)లో (ప్రతి పేచెక్‌లో అదనపు కోత రాసే చోటు) రాస్తే ఏప్రిల్‌లో కంగారు ఉండదు.

చైల్డ్ సపోర్ట్ వస్తుంది, ఇండియాలో ఎఫ్‌డీ వడ్డీ వస్తుంది. వీటిని ఎక్కడ చూపాలి?

చైల్డ్ సపోర్ట్ మీద టాక్స్ లేదు, ఎక్కడా చూపక్కర్లేదు. 2018 తర్వాత కుదిరిన విడాకుల ఒప్పందమైతే భరణం మీద కూడా తీసుకునేవారికి ఫెడరల్ టాక్స్ లేదు.

ఇండియా వడ్డీ సంగతి వేరు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో టాక్స్ లేదు కాబట్టి అమెరికాలోనూ లేదనుకుంటారు. ఉంది. విజయవాడలో ఫ్లాట్ అద్దె, ఎన్‌ఆర్‌ఓ వడ్డీ కూడా ఇక్కడ చూపించాలి. ఎన్‌ఆర్‌ఓ మీద అక్కడ పట్టుకున్న టాక్స్‌ని ఇక్కడ ఫారిన్ టాక్స్ క్రెడిట్‌గా అడగొచ్చు. ఏడాది వడ్డీ మొత్తాన్ని స్టెప్ 4(ఎ)లో (ఇతర ఆదాయం రాసే చోటు) రాస్తే దాని టాక్స్ కూడా పేచెక్కుల్లోంచే కట్ అవుతుంది. ఇండియా ఆదాయం కంపెనీకి తెలియడం ఇష్టం లేకపోతే, పడే టాక్స్‌ని మీరే లెక్కేసి 4(సి)లో అదనపు కోతగా రాయండి.

డేకేర్ ఖర్చుకి ఏదైనా ఉందా?

రెండున్నాయి. కంపెనీ డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ ఇస్తుంటే ఏడాదికి 7,500 దాకా టాక్స్ పడకుండా పక్కన పెట్టొచ్చు. 2025 దాకా ఇది 5,000 ఉండేది, కాబట్టి పాత అంకె అలాగే ఉండిపోయిందేమో చూసుకోండి. 90,000 జీతం ఉదాహరణలో 7,500 పెడితే ఫెడరల్ టాక్స్‌లో 900, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లో 570 పైన మిగులుతాయి. దీనికి డబ్ల్యూ-4లో ఏమీ రాయక్కర్లేదు, జీతంలోంచి ముందే తీసేస్తారు.

ఎఫ్‌ఎస్‌ఏ లేనివాళ్లకి 13 ఏళ్లలోపు పిల్లల డేకేర్ ఖర్చు మీద క్రెడిట్ ఉంది. ఒక బిడ్డకి 3,000, ఇద్దరు లేదా ఎక్కువమందికి 6,000 ఖర్చు దాకా లెక్కలోకి తీసుకుని అందులో కనీసం 20 శాతం ఇస్తారు. ఆ మొత్తాన్ని స్టెప్ 3లో కలుపుకోవచ్చు. డేకేర్ వాళ్ల టాక్స్ నంబర్ లేకపోతే ఈ క్రెడిట్ అడగడం కష్టమవుతుంది. ఇంట్లో పిల్లల్ని చూసే ఆంటీకి క్యాష్ ఇచ్చేవాళ్లు ఆ నంబర్ మొదట్లోనే అడిగి తీసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మకి పిల్లల్ని చూసినందుకు జీతమిచ్చినట్టు మాత్రం ఎక్కడా చూపకండి. ఆ వీసా మీద పని చేసి డబ్బు తీసుకోవడానికి వీల్లేదు.

స్టెప్ 4(బి)లో ఏం రాయాలి?

ఇంటి లోన్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, స్టేట్ టాక్స్, విరాళాలు కలిపి 24,150 దాటితే దాటినంత. న్యూజెర్సీలో ఇల్లు కొన్నవాళ్లకి ఇది తరచూ దాటుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కువమందికి ఖాళీయే.

ఎగ్జెంప్ట్ అని రాస్తే మొత్తం చేతికి వస్తుందట?

పోయినేడాది మీకు ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ సున్నా అయి, ఈ ఏడాది కూడా సున్నాయే అని మీకు ఖాయంగా తెలిస్తేనే. ఫుల్‌టైమ్ జీతం ఉన్నవాళ్లకి వర్తించడం అరుదు. కారు రిపేర్ వచ్చిందని రెండు నెలలు ఎగ్జెంప్ట్ పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

స్టేట్ టాక్స్‌కి వేరే ఫారం ఉందా?

రాష్ట్రాన్ని బట్టి. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లో జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, ఫారం అక్కర్లేదు. కాలిఫోర్నియాలో డీఈ-4, ఇల్లినాయ్‌లో ఐఎల్-డబ్ల్యూ-4 ఉన్నాయి. ఆ రెండింటిలో అలవెన్సులు ఇంకా ఉన్నాయి. "ఎన్ని అలవెన్సులు" అన్న ప్రశ్న మీకు కనిపించిందంటే బహుశా మీరు స్టేట్ ఫారం చూస్తున్నారు. ఫారంతో పాటు ఉండే వర్క్‌షీట్ నింపితే అంకె అదే వస్తుంది. ఫెడరల్ మార్చి, స్టేట్ మర్చిపోయేవాళ్లు చాలామంది, రెండూ ఒకే రోజు మార్చండి.

పెద్ద రీఫండ్ వస్తే సంతోషమే కదా? దాన్ని తగ్గించుకోవడం ఎందుకు?

చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని, మార్చిలో ఒకేసారి వస్తే ఇండియా టికెట్లకి పనికొస్తుందని కావాలనే ఎక్కువ కట్ చేయించుకునేవాళ్లని నేను తప్పుపట్టను. పొదుపు చేసే తీరు ఎవరిది వాళ్లది. కానీ ఒక్క జీతం మీద ఇల్లు నడుస్తున్నప్పుడు, లేఆఫ్ వచ్చినా బిడ్డకి జ్వరం వచ్చి సెలవు పెట్టినా ఆదుకునేది బ్యాంకులో ఉన్న డబ్బే, ఐఆర్ఎస్ దగ్గరున్నది కాదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల అద్దె చేతిలో ఉండాలి. నా సలహా: సరైన స్టేటస్, సరైన క్రెడిట్ పెట్టి, పెరిగిన మొత్తాన్ని ఆ పేచెక్ రోజే వేరే సేవింగ్స్ అకౌంట్‌లోకి ఆటోమేటిక్‌గా పంపండి. భయం పోకపోతే 4(సి)లో 25 డాలర్లు అదనంగా రాసుకోండి.

తక్కువ కట్ అయితే పెనాల్టీ వేస్తారా?

రిటర్న్‌లో కట్టాల్సింది 1,000 డాలర్ల లోపైతే వేయరు. దాటినా, ఈ ఏడాది టాక్స్‌లో 90 శాతం గానీ, పోయినేడాది మొత్తం టాక్స్ గానీ ఏడాది పొడుగునా కట్ అయి ఉంటే వేయరు. పోయినేడాది ఆదాయం 150,000 దాటినవాళ్లకి ఆ రెండోది 110 శాతం. పోయినేడాది రిటర్న్‌లో, అంటే 1040 ఫారంలో, 24వ వరసలో ఉన్నది మీ మొత్తం టాక్స్. దాన్ని ఈ ఏడాది పేచెక్కుల్లో ఇప్పటిదాకా కట్ అయిన దానితో పోల్చి చూస్తే ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

ఏడాది మధ్యలో మార్చొచ్చా? ఎన్నిసార్లు?

ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా. కంపెనీ దాదాపు నెల రోజుల్లో అమలు చేయాలి, ఎక్కువ చోట్ల తర్వాతి పేచెక్కులోనే కనిపిస్తుంది.

మధ్యలో మార్చేటప్పుడు గడిచిన నెలల లోటు దానంతట అది పూడదు. మ్యారీడ్ గడి ఉండిపోయిన పై ఉదాహరణలో, 18 పేచెక్కులు అయ్యాక సెప్టెంబర్‌లో చూసుకున్నారనుకోండి. అప్పటికి దాదాపు 767 తక్కువ కట్ అయింది. ఇంకా 8 పేచెక్కులున్నాయి. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి మార్చి, 4(సి)లో 96 రాస్తే డిసెంబర్‌కల్లా సమానమవుతుంది. జనవరిలో ఆ 96 తీసేయడం మర్చిపోకూడదు, అది అలాగే ఉండిపోతుంది.

చేత్తో లెక్క వేయలేకపోతే ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో టాక్స్ విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్ ఉచితంగా ఉంది. పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడగదు. తాజా పే స్టబ్, పోయినేడాది రిటర్న్ పక్కన పెట్టుకుంటే చాలు, ఏ స్టెప్‌లో ఏం రాయాలో అదే చెబుతుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకి ఐఆర్ఎస్ వీటా కార్యక్రమం కింద వాలంటీర్లు నడిపే కేంద్రాల్లో రిటర్న్ ఉచితంగా చేసిపెడతారు. వాళ్లని డబ్ల్యూ-4 గురించి కూడా అడగండి.

మళ్లీ ఎప్పుడు మార్చాల్సి వస్తుంది?

తీర్పు వచ్చినప్పుడు, మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు, ఉద్యోగం మారినప్పుడు, 8332 మీద సంతకం పెట్టినప్పుడు, పిల్లలకి కొత్తగా సోషల్ సెక్యూరిటీ నంబర్ వచ్చినప్పుడు. అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది: బిడ్డకి 17 నిండే ఏడాది. పుట్టినరోజు డిసెంబర్ 30 అయినా ఆ ఏడాది మొత్తానికి 2,200 పోయి 500 మిగులుతుంది. డ్రైవింగ్ ఇన్సూరెన్స్, కాలేజీ అప్లికేషన్ల ఖర్చులు మొదలయ్యే ఏడాదే అది. 1,700 డాలర్ల తేడా 26 పేచెక్కుల్లో 65 డాలర్లు. పిల్లాడి పదహారో పుట్టినరోజు నాడే, తర్వాతి జనవరికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఏడాది మొదటి పేచెక్‌కి ముందే స్టెప్ 3 మార్చేయొచ్చు.